కరాబెలాస్‌ని ఊరు తిప్పిన రోజు

పాటల క్లబ్బు తలుపు తెరుచుకున్నప్పుడల్లా పాట ఇయెరా ఓడోస్ రోడ్డు మీదికి వచ్చి పడుతోంది, మూసుకోగానే సగంలో తెగిపోతోంది. ఎవరో ఒకామె తన గుండె బద్దలైందని పాడుతోంది, ఎలా బద్దలైందో చెప్పేలోపు తలుపు మూసేస్తున్నారు. నాకేం. పన్నెండున్నర. పొద్దున నుంచి తిప్పుతున్న భార్యాభర్తలు లోపలికెళ్ళి గంటన్నరైంది, ఒంటిగంటన్నరకి వస్తాం, ఇక్కడే ఉండు అన్నాడు ఆ భర్త, ఉండు అనే మాట వాడు అన్న తీరుకి నా వీపు దానంతటదే నిటారుగా అయింది, యాభై రెండేళ్ళ వీపు, రెండు పూసలు అరిగిన వీపు, అదింకా వాడి మాట వింటోంది. ఎదురుగా వరసగా నల్ల కార్లు, వాటిలోంచి దిగే పిల్లలు, ఎత్తు మడమల మీద నిలబడలేక ఒకరినొకరు పట్టుకుని నవ్వే ఆడపిల్లలు, వాళ్ళ సెంటు రోడ్డు దాటొచ్చి నా కిటికీలో దూరుతోంది, నా పక్కన నారింజ చెట్టు మొదట్లో ఎవడో కక్కిపోయిన మరక. ఈ ఏథెన్స్‌లోనే పుట్టాను, రోజుకి పదమూడు గంటలు దీని రోడ్లు అరగదీస్తాను, రాత్రయ్యేసరికి దీన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పగలంతా రాళ్ళు చూపించి బతుకుతుంది, రాత్రంతా గ్లాసులు చూపించి బతుకుతుంది, మధ్యలో మేం టాక్సీలు తోలుతూ ఉంటాం.

"ఏయ్ పసుపు బండీ! ముందుకు జరుపు!" కండలు తిరిగిన తలుపు కాపలావాడు, చొక్కా వాడి మీద ఎప్పుడు చిరుగుతుందా అన్నట్టుంది.

"మనుషులు లోపలున్నారు."

"అందరి మనుషులూ లోపలే ఉన్నారు తాతా. జరుపు."

తాత. నాలుగు మూరలు జరిపి మళ్ళీ ఆపాను. ఈ రోజు ఎవడేమన్నా పడుతున్నాను. పొద్దున తొమ్మిది నుంచి పడుతూనే ఉన్నాను. ఓమోనియా దగ్గర హోటల్ గుమస్తా ఫోన్ చేసి, లారిసా నుంచి భార్యాభర్తలు వచ్చారు, పెద్దవాళ్ళు, రోజంతా ఊరు చూస్తారు, రాత్రి పాటలకి వెళ్తారు, రేపు పొద్దున రైలుకి పోతారు అంటే మంచి బేరమే అనుకుని వెళ్ళాను. ముందు ఆవిడ ఎక్కింది, పొట్టిగా, గుండ్రంగా, మెడలో మడత నలగని కొత్త రుమాలు, కళ్ళు పండక్కి వచ్చిన చిన్నపిల్ల కళ్ళలా. వెనకాల ఆయన. నేను మొహం చూడలేదు. బట్టతల, చేతిలో మడిచిన పటం, అంతే కనపడింది. తలుపు వేసుకుని, "త్వరగా, త్వరగా, ఎండెక్కకముందే," అన్నాడు. రెండో త్వరగాకి గొంతు కాస్త పైకి లేచింది, మాటని పళ్ళ మధ్య నలిపి వదిలినట్టు. మొహం మారుతుంది, జుట్టు రాలుతుంది, పొట్ట పెరుగుతుంది, గొంతు మాత్రం అలాగే ఉంటుంది. ముప్పై రెండేళ్ళ తర్వాత లెఫ్టినెంట్ కరాబెలాస్ నా బండిలో వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. గేరు పడలేదు, బండి గర్రుమంది. "డ్రైవింగు కొత్తా ఏమయ్యా?" అన్నాడు. ఆవిడ నవ్వింది. "పాపం, ఊరుకోండి వ్లాసిస్," అంది. వ్లాసిస్. వాడికి ఒక పేరుందని, దాన్ని ఎవరో ముద్దుగా పిలుస్తారని నాకు ఈ వయసులో తెలిసింది.

నా కార్డు అద్దం కింద వేలాడుతోంది. ఫొటో, పక్కన పెద్దక్షరాల్లో స్టామాటిస్ డెలిస్. వాడి కళ్ళు అద్దంలో ఒకసారి దాని మీద ఆగాయి, కదిలాయి. నేను చూశాను. చదివాడు, ఏమీ తట్టలేదు. నాకు అప్పుడు వచ్చిన కోపం ఎలాంటిదో చెప్పలేను. గుర్తుపడితే భయం వేసేదేమో, గుర్తుపట్టకపోతే ఇంత కోపమెందుకు? నా జీవితాన్ని మడిచి జేబులో పెట్టుకుపోయినవాడికి నా పేరు బజారులో ఏదో దుకాణం బోర్డులా కనిపించింది.

తప్పనిసరి సైన్యం కొలువుకి నన్ను పంపిన ఆ దీవి పేరు నేను ఇంట్లో ఎత్తను. రాత్రిపూట అవతలి ఒడ్డున టర్కీ దీపాలు కనిపించేవి, అంత దగ్గర. మాకు ఇరవై ఏళ్ళు. నేను, ద్రపెత్సోనా నుంచి వచ్చిన ఫానిస్, మంచాలు పక్కపక్కనే. ఫానిస్ లావుగా ఉండేవాడు, వాళ్ళ నాన్న పిరేయస్ రేవులో చేపల బుట్టలు మోసేవాడు, వీడు మాత్రం నాలుగడుగులు పరిగెత్తితే ఆయాసపడేవాడు, కానీ ఎవరి గొంతైనా దింపేసేవాడు. ఒకరోజు భోజనాల వరసలో నిలబడి కంచం మీద చెంచాతో కొడుతూ త్వరగా, త్వరగా అన్నాడు, రెండోదానికి గొంతు పైకి లేపి, పళ్ళ మధ్య నలిపి. అచ్చం వాడే. నలభై మందిమి నవ్వాం. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. నవ్వు ఆగాక చూస్తే కరాబెలాస్ వెనకాలే నిలబడి ఉన్నాడు, వాడు కూడా నవ్వుతున్నాడు. "బాగుంది," అన్నాడు. "రేపు మధ్యాహ్నం మళ్ళీ వింటాను." జూలై. మైదానంలో ఒక్క నీడ లేదు, జెండా కర్ర నీడ తప్ప. ఫానిస్ వీపు మీద నిండు సంచి, చేతిలో తుపాకీ, చుట్టూ పరిగెత్తాలి. జెండా కర్ర కింద నేను నిలబడి చుట్లు లెక్కపెట్టాలి, పైకి వినపడేలా. నన్నే ఎందుకు? అందరికంటే గట్టిగా నవ్వింది నేనే కాబట్టి. నా నడుముకి నీళ్ళ సీసా ఉంది, నిండుగా, కదిలితే లోపల నీళ్ళ చప్పుడు. ఆరో చుట్టులో ఫానిస్ నా దగ్గరికి రాగానే నోరు తెరిచాడు, మాట రాలేదు, చేయి చాచాడు. "వాడికి చుక్క నీళ్ళిచ్చినవాడు వాడి పక్కనే పరిగెత్తుతాడు," అన్నాడు కరాబెలాస్ మైదానం చివర వరండా నీడలోంచి. నేను ఆరు అన్నాను. ఏడు అన్నాను. పద్నాలుగు అన్నాక ఇంకోటి అనాల్సిన అవసరం లేకపోయింది. హెలికాప్టర్ వచ్చేసరికి సాయంత్రమైంది, దానికి పని లేదు.

లోపల చప్పట్లు. ఎవరో పూల బుట్ట కుమ్మరించినట్టున్నారు. పొద్దున నుంచి ఆవిడకి అదే ధ్యాస. "తమ్ముడూ, అక్కడ పాడేవాళ్ళ మీదికి పూలు విసురుతారట కదా, మేమూ విసరొచ్చా, వయసయినవాళ్ళం?" అని అడిగింది ఆక్రోపోలిస్ కింద బండి దిగుతూ. పొలిక్సేని ఆవిడ పేరు, ఎక్కిన పది నిమిషాల్లో పేరు, ఊరు, మోకాలి నొప్పి అన్నీ చెప్పేసింది. పెళ్ళై ముప్పై ఏళ్ళు, అన్నీ సరిహద్దు ఊళ్ళు, దండు ఇళ్ళు, ఒకచోట పెట్టిన మొక్క ఇంకోచోట పూసేలోపు బదిలీ, రాజధానికి రావడమంటే ఆస్పత్రికో దస్తావేజులకో తప్ప రాలేదట. ఆ రాతి గుట్టని బడి పుస్తకంలో చూడ్డమే. వాళ్ళు పైకెక్కి దిగేదాకా నేను కింద ఆలివ్ చెట్ల దగ్గర నిలబడ్డాను. చక్రాల పెట్టెలు గడగడలాడిస్తూ ప్రపంచమంతా నన్ను దాటుకుంటూ పోయింది. గంటన్నరకి దిగారు. ఆవిడ మొహం వెలిగిపోతోంది, మోచేతికి పాలరాతి పొడి. "ఎన్ని రాళ్ళున్నాయో మా లారిసాలో కూడా," అన్నాడు వాడు, మోకాలు రుద్దుకుంటూ, నా వైపు చూసి. నేనేదో అంటానని ఎదురుచూసినట్టు చూశాడు. నేను తలుపు తీసి పట్టుకున్నాను.

అక్కణ్ణుంచి సింతాగ్మా కూడలి. పార్లమెంటు ముందు గంటగంటకీ కాపలా మారతారు కదా, తెల్ల పావడా, మేకులు కొట్టిన బూట్లు, కాలు గాల్లో ఆపి నిలబడే పిల్లలు. మే మొదటి వారమే అయినా ఎండ పేలుతోంది. వాడు మోకాలి నొప్పి మరిచిపోయి నిటారుగా నిలబడ్డాడు, చేతులు తొడలకి అతుక్కుపోయాయి. "ఎడమవాడి భుజం వంగింది," అన్నాడు. "చూడు, చూడు, వంగింది." నేను వాళ్ళ వెనకే ఉన్నాను, ఆవిడే లాక్కొచ్చింది, బండిలో కూర్చుని ఉడికిపోతావెందుకు తమ్ముడూ అని. కాపలా పిల్లవాడి నుదుటి నుంచి చెమట కళ్ళలోకి కారుతోంది, రెప్ప వెయ్యకూడదు, తుడుచుకోకూడదు. మామూలు యూనిఫారం వేసుకున్న ఇంకో సైనికుడు వచ్చి, జేబులోంచి రుమాలు తీసి, వాడి నుదురు, కళ్ళ కింద, గడ్డం, మెల్లిగా తుడిచాడు, అమ్మ తుడిచినట్టు. పొలిక్సేనికి ముచ్చటేసింది. "మా రోజుల్లో తుడిచేవాళ్ళు లేరు," అన్నాడు కరాబెలాస్. వెనక్కి తిరిగి బండి దగ్గరికి వచ్చేశాను. కొట్టులో నీళ్ళ సీసా కొన్నాను. తాగలేకపోయాను. నాకెప్పుడూ ఇదే, పక్కన ఎవరైనా ఉంటే తాగలేను, నా భార్య అర్గిరో నవ్వుతుంది, పిల్లిలా చాటుకెళ్ళి తాగుతావేంటి అని.

ఇక్కడ క్లబ్బు ముందు ఫోన్ మోగింది. అర్గిరోనే.

"ఏం చేస్తున్నావు? మిరపకాయల కూర పొయ్యి మీదే ఉంది, వేడి చేసి చేసి ముద్దయింది."

"ఆ లారిసా వాళ్ళే. ఇంకా లోపలే ఉన్నారు."

"పొద్దున్నించీ వాళ్ళేనా? ఇక పెళ్ళి చేసుకో."

"పడుకో అర్గిరో."

"గొంతేంటి అలా ఉంది?"

"ఎలా ఉంది?"

"ఎవరినో కొట్టబోతున్నట్టుంది. కొట్టకు. పర్మిట్ పోతుంది." పెట్టేసింది.

పర్మిట్. ఆ ముక్క అర్గిరోకి తెలియక అంది. ఈ స్టీరింగు నా చేతికి ఎలా వచ్చిందో ఆమెకి చెప్పలేదు. ఫానిస్ పోయిన మూడో రోజున మేజర్ గదికి పిలిచారు. ఫ్యాను తిరుగుతోంది, బల్ల మీద కాగితం ఎగరకుండా బూడిద గిన్నె పెట్టారు. అందులో తేలికపాటి వ్యాయామం, మూడు చుట్లు, పొద్దున నుంచి ఒంట్లో బాగాలేదన్న సంగతి సైనికుడు దాచిపెట్టాడు, ప్రత్యక్ష సాక్షి, కింద ఖాళీ గీత. కరాబెలాస్ కాగితాన్ని తనే నా వైపు తిప్పాడు, కలం మూత తనే తీశాడు. "డెలిస్, నీకు బండ్లంటే ఇష్టమట కదా," అన్నాడు, ఎంత నెమ్మదిగా అన్నాడో, మా నాన్న కూడా నాతో అంత నెమ్మదిగా మాట్లాడలేదు. సంతకం పెట్టాను. పది రోజుల్లో ఏథెన్స్‌కి బదిలీ, డ్రైవర్ల దళం, పెద్ద బండ్ల లైసెన్సు. నాకోసం ఎవరూ కాగితాలు కదిపేవాళ్ళు లేని ఇంట్లోంచి వచ్చినవాణ్ణి, రాజధానిలో ఇంటి పక్కనే దండు. అమ్మ చర్చిలో కొవ్వొత్తి వెలిగించింది. ఆ వెలుగులోనే ఇన్నేళ్ళూ తిన్నాను, పెళ్ళి చేసుకున్నాను, కూతుర్ని చదివించాను. ఆ చలికాలం ఫానిస్ వాళ్ళమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది, నల్ల బట్టలు, చేతులకి చేపల వాసన. కూర్చోమంటే కూర్చోలేదు. "నువ్వు వాడి పక్కనున్నావట. ఒక్కటే అడుగుతాను. దాహం వేసిందా వాడికి?" లేదమ్మా అన్నాను. "నిజంగా?" నిజంగా లేదమ్మా. నా చేయి పట్టుకుని ముద్దు పెట్టుకుని వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం పిరేయస్‌లో చేపల హోటల్. నేను బండిలో ఉంటానంటే ఆవిడ వినలేదు. బల్లకి అటు వాళ్ళిద్దరూ, ఇటు నేను, ఒంటరిగా, విచారణకి వచ్చినట్టు. అవతల రేవులో పడవలు, ఆ పక్క కొండ మీద ఫానిస్ వాళ్ళ ద్రపెత్సోనా ఇళ్ళు. వాడు చేపని ఎంత శుభ్రంగా విప్పాడో, ముల్లు మొత్తం ఒక్క లాగుడుకి. అందులోంచి బుగ్గ కండ తీసి ఆవిడ కంచంలో పెట్టాడు, ఆవిడకి అదిష్టమట. తర్వాత నీళ్ళ కూజా ఎత్తి, నా గ్లాసు దగ్గరికి జరిపి, అంచుదాకా పోశాడు. "తాగవయ్యా. ఎండలో తిరుగుతున్నావు." నేను గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. "సైన్యం ఎక్కడ చేశావు?" అని అడిగాడు. మగాళ్ళిద్దరు ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఈ దేశంలో ఆ ప్రశ్న రాకుండా పోదు. "ఏథెన్స్‌లో," అన్నాను. "మొత్తం ఏథెన్స్‌లోనేనా?" "మొత్తం." "అదృష్టవంతుడివి. ఎవరి సిఫార్సు?" "నాకెవరూ లేరు." నవ్వాడు. "ఎవరో ఒకరు లేకుండా ఎవడికీ ఏథెన్స్ పడదయ్యా. గుర్తు తెచ్చుకో." ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. గ్లాసు అలాగే వదిలేసి చేతులు కడుక్కోవాలని లేచాను.

ఇంతసేపూ ఏం చెయ్యాలనుకున్నాను నేను? చాలా అనుకున్నాను. సాయంత్రం లికవిట్టోస్ కొండ మీద, పొద్దు గుంకుతుంటే, ఊరంతా తెల్లటి గవ్వలు కుమ్మరించినట్టు కింద పరుచుకుని ఉంటే, వాడు గోడ మీద చేతులాన్చి నిలబడ్డాడు. గోడ నడుము ఎత్తు కూడా లేదు. ఒక్క తోపు. నా చేతులకి ఆ ఆలోచన తెలిసి తడిశాయి. అప్పుడే ఆవిడ, "తమ్ముడూ, ఒక ఫొటో తియ్యవూ," అని ఫోన్ నా చేతిలో పెట్టింది. తీశాను. మూడు తీశాను. మూడింట్లోనూ వాడి తల రాకుండా తీశాను, మెడ దాకా చొక్కా, పక్కన నవ్వుతున్న ఆవిడ, వెనకాల సూర్యుడు. చంపాలనుకున్న మనిషిని ఫొటోలో కత్తిరించి తృప్తిపడ్డాను. నా పగ అంత. తోవలో ఎలియోనాస్ గోదాముల మధ్య దింపేసి పోదామనుకున్నాను, టైరు విప్పే ఇనప కడ్డీ గుర్తొచ్చింది, కనీసం ముఖం మీద ఉమ్మి ఫానిస్ పేరు చెబుదామనుకున్నాను. ఏదీ చెయ్యలేదు. ఎర్ర దీపం దగ్గర ఆగాను, పచ్చ దీపానికి కదిలాను, ఈ గుంటలు చూసుకోండి మేడమ్ అన్నాను. క్లబ్బు ముందు తలుపు తీసి పట్టుకున్నాను. ఎదురుచూశానంతే, వాడు ముందు గుర్తుపడతాడని. వాడు గుర్తుపడితే నా పని తేలికవుతుందని.

మళ్ళీ తలుపు తెరుచుకుంది, మళ్ళీ ఆ పాట, ఈసారి పాటతోపాటు పొలిక్సేని బయటికి వచ్చింది, ఒక్కతే. అటూ ఇటూ చూసి, నా బండిని పోల్చుకుని, రోడ్డు దాటింది. వెనక తలుపు తీస్తుందనుకున్నాను. ముందు తలుపు తీసి నా పక్కన కూర్చుంది. జుట్టులో రెండు మూడు ఎర్ర పూరేకులు.

"అబ్బా, చెవులు దిబ్బడేశాయి. విసిరాను తమ్ముడూ, రెండు బుట్టలు విసిరాను. ఒకటి ఆ పిల్ల పళ్ళకి తగిలింది." నవ్వి, చెప్పులు విడిచి కాళ్ళు చాపుకుంది. "ఆయన ఇప్పుడే వస్తారు, గల్లా దగ్గరున్నారు. నీతో ఒక మాట అందామని ముందే వచ్చాను. కోపం తెచ్చుకోవుగా?"

"చెప్పండి."

"ఆయన నిన్ను పొద్దునే గుర్తుపట్టారు. ఆ కార్డు చూసి."

నా చేతులు స్టీరింగు మీదున్నాయి. అవి నావి కానట్టున్నాయి.

"ఆక్రోపోలిస్ మెట్ల మీద మోకాలు పట్టేసి కూర్చున్నప్పుడు చెప్పారు నాతో. వీడు నా కుర్రాడే, దీవిలో నా కింద పనిచేశాడు, ఏథెన్స్‌కి బదిలీ నేనే చేయించాను, ఆ లైసెన్సు నా చలవే అన్నారు. మరి పలకరించండి అన్నాను. వాడే పలకరించాలి, వాడికి గుర్తుందో లేదో చూద్దాం అన్నారు. రోజంతా చూశారు తమ్ముడూ. భోజనం దగ్గర అంత దారిచ్చినా నువ్వు నోరు విప్పలేదు. ఆయన పైకి అలా ఉంటారు గానీ లోపల చాలా నొచ్చుకున్నారు. ఇప్పుడు కూడా అన్నారు, ఎంతమందికి ఎంత చేశానో, ఒక్కడూ తల తిప్పి చూడడు అని." నా మోచేతి మీద చేయి వేసింది. "వచ్చాక ఒక్క మాట, థాంక్స్ అని. నీకేం పోతుంది? ముసలాయన సంతోషిస్తాడు."

రోజంతా వాడు నా కృతజ్ఞత కోసం ఎదురుచూశాడు. ఆ కూజా, ఆ నీళ్ళు, గుర్తు తెచ్చుకో అన్న ఆ నవ్వు. నేను గోడ ఎత్తు కొలుస్తున్నంతసేపూ వాడు పక్కన నొచ్చుకుంటూ నిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది, నవ్వు బయటికి రాలేదు, ఇంకేదో వచ్చింది, నేను ఆపేలోపు మాటలయింది.

"ఆ బదిలీ ఎందుకు చేయించారో చెప్పారా?"

"మంచివాడివని."

"ఫానిస్ అనే పేరు చెప్పారా మీకు ఎప్పుడైనా?"

ఆవిడ చేయి నా మోచేతి మీంచి వెంటనే తియ్యలేదు. బరువు మాత్రం తగ్గింది. "ఎండదెబ్బకి పోయిన అబ్బాయి," అంది. "తెలుసు. మా పెళ్ళికి రెండేళ్ళ ముందు. నాకు మొదట్లోనే చెప్పారు. ఒంట్లో బాగాలేకపోయినా చెప్పకుండా పరిగెత్తాడట పాపం. మూడు చుట్లు."

"ఎవరు లెక్కపెట్టారో చెప్పారా?"

ఆవిడ జుట్టులోంచి ఒక పూరేకు తీసి ఒడిలో పెట్టుకుంది.

"నేను లెక్కపెట్టాను. పద్నాలుగు. ఆరోదానికి నీళ్ళడిగాడు. నా దగ్గరున్నాయి, నేనివ్వలేదు. మూడని రాసిన కాగితం మీద ఉన్నది నా సంతకం. లైసెన్సు దానికే ఇచ్చారు."

ముప్పై రెండేళ్ళ మూట, విప్పితే నాలుగు ముక్కలు. రోడ్డవతల కాపలావాడు ఇంకెవరినో జరపమని అరుస్తున్నాడు. పొలిక్సేని ముందుకి చూస్తోంది, అద్దంలోంచి, వరసగా ఉన్న నారింజ చెట్ల వైపు. నన్ను తిడుతుందనుకున్నాను, దిగిపోతుందనుకున్నాను, అబద్ధమంటుందనుకున్నాను.

"నిద్దట్లో లెక్కపెడతారు," అంది చివరికి. "మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఏం లెక్క అండీ అంటే, జీతం అనేవారు."

అప్పుడే వాడు వచ్చాడు. చొక్కా గుండీలో ఎర్ర కార్నేషన్ పువ్వు, చెమట పట్టిన బట్టతల మీద క్లబ్బు దీపం రంగులు. వెనక తలుపు తీసి ఖాళీ సీటు చూసి, "అక్కడ కూర్చున్నావేం?" అన్నాడు. వెనకే కూర్చున్నాడు. "త్వరగా, త్వరగా, హోటల్‌కి." నేను బండి తీశాను. ఇయెరా ఓడోస్ దాటి పిరేయస్ రోడ్డు మీదికి తిరిగాం. తర్వాత ఆవిడ, తల తిప్పకుండా, కూరలో ఉప్పు ఎంత వేశారని అడిగినట్టు అడిగింది.

"ఆ అబ్బాయి ఎన్ని చుట్లు పరిగెత్తాడు వ్లాసిస్?"

"ఏ అబ్బాయి?"

"ఎన్ని?"

అద్దంలో వాడి కళ్ళు నా కళ్ళని వెతికి పట్టుకున్నాయి. రోజంతా తప్పించుకున్న కళ్ళు. వాడి మొహంలో భయం లేదు, నిజంగా చెబుతున్నాను, నొచ్చుకోవడమే ఉంది. "ఇదా నువ్వు చేసిన పని?" అన్నాడు నాతో. "నీకు అన్నం పెట్టాను నేను. విచారణ నీ మీదికి రాకుండా చూశాను. నీళ్ళ సీసా ఎవడి నడుముకుంది? నా నడుముకా?"

అది నిజం. నిజం కాబట్టే నా నోరు మూతపడింది. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాటతోనే నా నోరు నేను మూసుకున్నాను, వాడు ఇప్పుడు కొత్తగా ముయ్యక్కర్లేదు.

"ఎన్ని అని అడిగాను," అంది పొలిక్సేని.

"మూడు!" అరిచాడు. "కాగితం మీద ఉంది, మూడు!"

"పద్నాలుగు," అన్నాను నేను. పైకి వినపడేలా.

"డెలిస్! బండి ఆపు!"

ఆగింది. నేను ఆపానని చెప్పలేను, నా కాలు ఆపింది, మైదానంలో నిలబడిన ఆ ఇరవయ్యేళ్ళ కాలు, నా బుద్ధిని అడక్కుండా బ్రేకు మీద పడింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. వాడు దిగాడు. మూతపడిన ఫ్యాక్టరీ గోడ పక్కన, పేవ్‌మెంట్ మీద, గుండీలో పువ్వుతో నిలబడి, ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "దిగు, పొలిక్సేని. ఇంకో బండి చూసుకుందాం."

ఆవిడ దిగలేదు. కాళ్ళ దగ్గర పడున్న చెప్పులు తొడుక్కుంది, ఒకటి, తర్వాత రెండోది, మోకాలు నొప్పి కదా, నిదానంగా. దిగడానికేమో అనుకున్నాను. వాడూ అలాగే అనుకున్నాడు, చేయి అందించాడు. ఆవిడ ఆ చేతిని కాదు, తలుపు పిడిని పట్టుకుంది.

"చలేస్తోంది," అంది. లాగి మూసింది.

వాడు అద్దం మీద అరచేత్తో కొట్టాడు. "డెలిస్! అక్కడే ఉండు! కదిలావంటే చూడు!" నా కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. దాన్ని తియ్యమని నేను చెప్పాలి, ఇంకెవరూ చెప్పరు, పక్కనున్నావిడ కూడా చెప్పలేదు, ఒడిలో చేతులు పెట్టుకుని రోడ్డు వైపు చూస్తోంది, అంతే. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. వెనకాల ఒక బస్సు హారన్ కొట్టింది. కాలు తీశాను. ఒకటో గేరు వేశాను, నున్నగా పడింది.